నడకలో తొలగింపు: ఒక జాబితా సమస్య కథ

ఉపాధ్యాయమిత్రులు తమ తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. దీనికి సుద్దముక్క, ఐదు అట్టముక్కలు తప్ప వేరే పరికరాలు అక్కరలేదు. నేలమీద వరుసగా ఐదు గడులు గీయండి. ఐదుగురు విద్యార్థులను ఆ గడులలో నిలబెట్టి, వారి చేతికి వరుసగా 2, 4, 5, 6, 8 అనే అంకెలు వ్రాసిన అట్టముక్కలు ఇవ్వండి. ఆరవ విద్యార్థిని పిలిచి, గడి వెంట గడి నడుస్తూ సరిసంఖ్య పట్టుకొన్నవారిని వరుసలోనుండి పంపివేయమని చెప్పండి. నియమం ఒక్కటే. ఎవరు వెళ్ళినా, వారి వెనుకవారందరూ వెంటనే ఒక గడి ముందుకు జరిగి ఖాళీని పూడ్చాలి.

మొదటి గడిలో 2 ఉన్నది. సరిసంఖ్య కాబట్టి ఆ పిల్లవాడు వెళ్ళిపోయాడు. మిగిలినవారు జరిగారు. ఇప్పుడు 4 మొదటి గడిలోకి వచ్చింది. కాని మన పరీక్షకుడు రెండవ గడికి అడుగు వేశాడు. అక్కడ 5 ఉన్నది; బేసిసంఖ్య కనుక ఉండనిచ్చాడు. మూడవ గడిలో 6 ఉన్నది; పంపివేశాడు. 8 జరిగి మూడవ గడిలోకి వచ్చింది. పరీక్షకుడు నాలుగవ గడి చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. పని అయిపోయిందనుకొని ఆగాడు. వరుసలో మిగిలినవారు 4, 5, 8. ఒక్క 5 మాత్రమే మిగలవలసినచోట ముగ్గురు మిగిలారు. అతడు ఎవరినీ తప్పుగా పరీక్షించలేదు. 4ను, 8ని అసలు చూడనే లేదు.

జాబితాలో నడుస్తూ ఆ జాబితానుండే కొన్నిటిని తీసివేయడం ఎలా అన్న ప్రశ్న ఇదే. కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాసే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దీనికి తట్టుకొని పడతాడు. మన హైదరాబాదులో మాధాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో జావా అనే భాషలో ప్రోగ్రాములు వ్రాసి జీవిస్తున్న యువతీయువకులలో ఈ చిక్కు ఎరుగనివారు అరుదు. దీని చరిత్ర చిన్నదే గాని, మన నగరపు చరిత్రతో ఒకచోట చిత్రంగా కలుస్తుంది.

మాధాపూరు ఒకప్పుడు నగరానికి వెలుపల బండరాళ్ళ మధ్య ఉన్న పల్లె. సమీపాన దుర్గంచెరువు. అక్కడ నిర్మించిన సైబర్ టవర్స్ అనే భవనాన్ని 1998 నవంబరు 22న ఆనాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అనే పేరు ఆ ప్రాంతానికి స్థిరపడింది. ఆ సంవత్సరమే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ మొదలయినది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు తరువాత దాని పాలకమండలికి అధ్యక్షత వహించారు. ఇక కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ తన జావా భాషకు 1.2 అనే కూర్పును విడుదల చేసింది 1998 డిసెంబరులో, అనగా సైబర్ టవర్స్ ప్రారంభమై మూడు వారాలు నిండకముందే. మన సమస్యకు మొదటి గట్టి సమాధానం ఆ కూర్పులోనే ఉన్నది. ఈ రెండు సంఘటనలకు కార్యకారణ సంబంధమేమీ లేదు. కాని ఆ భవనంలోను, దాని చుట్టూ లేచిన భవనాలలోను పనిచేయడానికి వచ్చిన తరం నేర్చిన జావా ఆ 1.2 కూర్పుతో రూపుదిద్దుకొన్న జావాయే.

కొంత వెనుకకు పోదాం. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైనది. 1969 ప్రాంతంలో అక్కడినుండి టిడిసి-12 అనే గణకయంత్రం వెలువడింది. ఆ కాలపు ప్రోగ్రాములలో జాబితా అంటే జ్ఞాపకంలో పక్కపక్కన ఉన్న అరల వరుస. మూడవ అర ఎక్కడ ఉన్నదో వెదకనక్కరలేదు. మొదటి అర చిరునామాకు ఒక లెక్క కలిపితే తెలిసిపోతుంది. ఈ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యం, మధ్యలో ఖాళీ ఉండరాదనడం. ఒకటి తీస్తే వెనుకవన్నీ జరగాలి. జరిపేది ప్రోగ్రాము వ్రాసినవాడే గనుక, జరిపినట్లు అతనికి తెలుసు. పొరపాటు చేస్తే అది అతని పొరపాటు.

తరువాత పద్ధతి మారింది. 1970వ దశకం మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో బార్బరా లిస్కోవ్, ఆమె విద్యార్థులు సియల్‌యు అనే భాషను రూపొందించారు. అందులో ఒక మంచి ఊహ ఉన్నది. జాబితా లోపల ఎలా అమర్చబడి ఉన్నదో వాడుకొనేవానికి తెలియనక్కరలేదు. 'ఒక్కొక్కటిగా అందించు' అని అడిగితే చాలు. అలా అందించే భాగానికి ఇటరేటరు అని పేరు. పుస్తకం చదివే పిల్లవాడు పంక్తి వెంట జరుపుకొనే చూపుడువ్రేలు వంటిది ఇది. ఎక్కడిదాకా వచ్చామో దానికి తెలుసు, మనకు తెలియనక్కరలేదు. ఐతే లోపలి అమరిక కనబడకుండా పోయేసరికి, లోపల జరిగే జరుగుబాటు కూడ కనబడకుండా పోయింది. వ్రేలు పెట్టిన పుటను ఇంకొకరు చించివేస్తే ఏమవుతుంది? నడుస్తున్నంతసేపు జాబితాను మార్చరాదని ఒక షరతు వ్రాసుకొని అప్పటివారు ఊరుకొన్నారు. షరతును మీరినవానిని పట్టుకొనే కావలివాడు మాత్రం లేడు.

జావా భాషను జేమ్స్ గోస్లింగ్ మొదలైనవారు 1991నుండి తయారుచేశారు. 1995 మేలో లోకానికి ప్రకటించారు. 1996 జనవరిలో మొదటి కూర్పు వచ్చింది. అందులో వెక్టర్, హ్యాష్‌టేబుల్ అనే సేకరణలు, వాటిలో నడవడానికి ఎన్యుమరేషన్ అనే సాధనం ఉన్నాయి. ఎన్యుమరేషన్‌కు తెలిసిన పనులు రెండే: ఇంకా ఉన్నాయా అని చెప్పడం, తరువాతిదాన్ని ఇవ్వడం. తీసివేయడం దానికి తెలియదు. తీసివేయాలంటే నేరుగా వెక్టర్‌నే అడగాలి. అలా అడిగితే వెక్టర్ తీసివేస్తుంది, వెనుకవాటిని జరుపుతుంది, ఎన్యుమరేషన్ మాత్రం తన లెక్క ప్రకారం ముందుకు పోతుంది. మన సుద్దగడుల ఆటలో 4, 8 మిగిలిపోయినట్లే ఒకటి తప్పిపోతుంది. దోషసూచన ఏదీ రాదు. తప్పు చేసి అరిచే యంత్రం మేలు. తప్పు చేసి నవ్వుముఖంతో నిలబడే యంత్రమే భయంకరమైనది.

1.2 కూర్పులో సేకరణల విభాగాన్ని సమగ్రంగా మళ్ళీ నిర్మించినవాడు జాషువా బ్లాక్. ఆయన ఎన్యుమరేషన్‌కు బదులు ఇటరేటరును ప్రవేశపెట్టాడు. ఇటరేటరుకు పనులు మూడు: ఇంకా ఉన్నదా, తరువాతిది ఇవ్వు, ఇప్పుడిచ్చినదాన్ని తీసివేయి. ఈ మూడవదే కొత్తది. ఇది చూడడానికి స్వల్పంగా కనబడుతుంది గాని సమస్యకు కీలకం పట్టుకొన్నది. నడిచేవాడే తీసివేస్తే, తాను ఎక్కడ నిలబడ్డాడో అతనికి తెలుసు కాబట్టి ఒక అడుగు వెనుకకు సర్దుకొనగలడు. మన ఆటలో 2ను పంపిన తరువాత పరీక్షకుడు రెండవ గడికి పోక మొదటి గడిలోనే మరొకసారి చూస్తే 4 దొరికిపోయేది గదా! ఇటరేటరు చేసే సర్దుబాటు సరిగ్గా ఇదే. ఒక్కొక్క అందింపుకు ఒక్కసారే తీసివేయవచ్చుననే నిబంధన కూడ ఉన్నది. ఏదీ అందుకొనకముందే తీసివేయమన్నా, ఒకే దాన్ని రెండుమార్లు తీసివేయమన్నా ఒప్పుకొనదు.

మరి ఎవరైనా ఇటరేటరును కాదని నేరుగా జాబితానుండే తీసివేస్తే? దీనికి ఆయన పెట్టిన కావలి ముచ్చటైనది. దానిని కొంచెం నిదానంగా చూడాలి.

ప్రతి జాబితా తనలో ఎన్నిసార్లు చేర్పులు, తీసివేతలు జరిగాయో ఒక లెక్క వ్రాసుకొంటుంది. నలుగురి పేర్లు ఒకటొకటిగా చేర్చామనుకొందాం. లెక్క 4. ఇప్పుడొక ఇటరేటరు పుట్టింది. అది పుట్టగానే ఆ 4ను తన జేబులో వ్రాసుకొంటుంది. తరువాతి పేరు ఇవ్వవలసిన ప్రతిసారీ తన జేబులోని లెక్కను, జాబితా దగ్గరున్న లెక్కను పోల్చి చూస్తుంది. రెండూ 4 అయితే సరే. మధ్యలో ఎవరో నేరుగా జాబితాలో ఒక పేరు కొట్టివేస్తే జాబితా లెక్క 5 అవుతుంది. జేబులో ఇంకా 4. పొంతన కుదరలేదు గనుక ఇటరేటరు నడక ఆపివేసి దోషసూచన ఇస్తుంది. దాని పేరు కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్, అనగా ఏకకాలంలో మార్పు జరిగిందన్న ఫిర్యాదు. అదే పేరును ఇటరేటరు ద్వారా తీసివేస్తే జాబితా లెక్క 5 అవుతుంది, జేబులెక్కనూ ఇటరేటరు 5గా దిద్దుకొంటుంది. నడక సాగుతుంది. ఒక పేరు స్థానంలో మరొక పేరు వ్రాయడం చేర్పూ కాదు, తీసివేతా కాదు; ఎవరూ జరగరు గనుక దానికి లెక్క పెరగదు.

ఆ పేరు చూసి చాలామంది మోసపోతారు. ఏకకాలం అన్నారు గనుక ఇద్దరు పనివాళ్ళు ఒకేసారి జాబితాపై చేయిచేసుకొంటేనే ఇది వస్తుందని భావిస్తారు. ఒక్కడే ఒక చేత్తో చదువుతూ మరొక చేత్తో కొట్టివేసినా వస్తుంది. నా అభిప్రాయంలో ఆ పేరు కొంచెం తొందరపడి పెట్టినదే.

ఈ కావలి సంపూర్ణమైనది కాదని దానితో వచ్చిన పత్రాలే ఒప్పుకొంటాయి. శక్తివంచన లేకుండా పట్టుకొంటుంది గాని హామీ లేదని, ఈ సూచన వస్తుందని నమ్ముకొని ప్రోగ్రాము వ్రాయరాదని చెబుతాయి. దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. విద్యార్థులు కాగితం మీద చేసి చూడవచ్చు. జావాలోని అర్రేలిస్ట్ అనే జాబితాలో నాలుగు పేర్లున్నాయి: రవి, సీత, గోపాలం, లక్ష్మి. నడుస్తూ రవిని నేరుగా కొట్టివేస్తే తరువాతి అడుగులో ఫిర్యాదు వస్తుంది. లక్ష్మిని కొట్టివేసినా వస్తుంది. గోపాలాన్ని కొట్టివేస్తే మాత్రం రాదు! కారణం ఇది. 'ఇంకా ఉన్నదా' అన్న ప్రశ్నకు ఇటరేటరు తాను దాటిన అడుగుల సంఖ్యను జాబితా పొడవుతో పోల్చి జవాబు చెబుతుంది. రెండూ సమానమైతే లేదని, కాకుంటే ఉన్నదని అర్థం. గోపాలం దగ్గర దాటిన అడుగులు 3. అతడు పోగా పొడవు కూడ 3. సమానం కనుక నడక ముగిసింది. లెక్కలు పోల్చే అవసరమే రాలేదు. లక్ష్మి వంతు రాలేదు, ఆమెను ఎవరూ చూడలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. లక్ష్మిని కొట్టివేసినప్పుడు అడుగులు 4, పొడవు 3. సమానం కాదు గనుక ఇంకా ఉన్నదనుకొని ముందడుగు వేస్తుంది, అక్కడ పట్టుబడుతుంది. చివరినుండి రెండవవాడొక్కడే కావలివాని కన్నుగప్పి పోగలడు.

నాకు ఈ విషయంలో ఆసక్తి పుస్తకాలవల్ల కలిగినది కాదు. కొన్ని సంవత్సరాల క్రిందట నేను పనిచేస్తున్న ఒక కళాశాలలో ఫీజు బకాయిల జాబితా చూడడానికి ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసిపెట్టాను. ఆ పూట డబ్బు కట్టినవారిని బకాయి జాబితానుండి తీసివేయడం దాని పని. మిగిలినవారికి హాల్‌టికెట్టు ఆగుతుంది. మొదట వ్రాసిన రూపంలో పైన చెప్పిన ఫిర్యాదు వచ్చింది. నేనప్పుడు దాని భావం ఆలోచించక, దానిని వదిలించుకొనే ఉపాయం ఆలోచించాను. ఇటరేటరు లేకుండా మొదటి అర, రెండవ అర అని అంకెలతో నడిచే లూపు వ్రాశాను. ఫిర్యాదు ఆగిపోయింది. అక్కడక్కడ నాలుగు నెంబర్లు ఇచ్చి పరీక్షించాను. అన్నీ సరిగా పోయాయి. ఎంతో సంతోషించాను.

పరీక్షలకు రెండు దినాల ముందు ఒక తండ్రి తన కవల కుమార్తెలను వెంటబెట్టుకొని వచ్చాడు. పెద్దపిల్లకు హాల్‌టికెట్టు ఇచ్చారు, చిన్నపిల్లకు ఇవ్వలేదు. “ఇద్దరికీ ఒకే పూట కట్టాను గదండీ, ఒక పిల్ల డబ్బు ముట్టి ఇంకొక పిల్లది ముట్టలేదంటే ఎట్లాగండి?” అని అడిగాడు. రెండు రసీదులూ చూపాడు. ఆ చిన్నపిల్ల తలవంచుకొని ఏడుస్తున్నది. అక్కాచెల్లెళ్ళ పేర్లు, నెంబర్లు పక్కపక్కన ఉన్నాయి. అక్క పేరు పోగానే చెల్లెలు ఒక గడి ముందుకు జరిగింది; నా లూపు ఆ గడిని దాటి పోయింది. నేను పరీక్షించిన నెంబర్లలో ఏ రెండూ పక్కపక్కన లేవు. హాల్‌టికెట్టు ఆ గంటలోనే ఇప్పించాను. లూపు సంగతి బోధపడేటప్పటికి ఆ రాత్రి పన్నెండు దాటింది.

నేను వ్రాసిన మొదటి రూపంలో ఫిర్యాదు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే 2004కు రావాలి. ఆ సంవత్సరం సెప్టెంబరు చివర వచ్చిన జావా 5 కూర్పులో, జాబితాలో ఒక్కొక్కటిగా నడవడానికి ఒక పొట్టి వాక్యం ప్రవేశపెట్టారు. దానిని ఫర్-ఈచ్ అంటారు. వ్రాయడానికి సుఖం, చదవడానికి ఇంకా సుఖం. కాని దాని అడుగున ఇటరేటరే ఉన్నది. పేరు లేకుండా తెరవెనుక ఉన్నది. పేరు లేనివానిని పిలవడం ఎలాగ? తీసివేయవలసినప్పుడు ఇటరేటరుకు చెప్పే దారి లేక ప్రోగ్రాము వ్రాసేవాడు నేరుగా జాబితాకే చెబుతాడు. వెంటనే పట్టుబడతాడు. సుఖమైన ఏర్పాటు ఒకటి రాగానే ఇదివరకు జాగ్రత్తపరులకు మాత్రమే తెలిసిన దోషం అందరి ఇంటికీ వచ్చింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపట్ల జావా నేర్పే శిక్షణకేంద్రాలలో ఈ సూచన ఎందుకు వస్తుందన్నది ఉద్యోగపరీక్షల ప్రశ్నగా స్థిరపడిపోయింది. బస్సు దిగి వచ్చిన జిల్లాల పిల్లలు దాని జవాబు వల్లె వేయడం నేను స్వయంగా విన్నాను. వల్లె వేసినవారిలో నేనూ ఒకడిని.

జావా 5లోనే మరొక దారి కూడ తెరిచారు. న్యూయార్కు రాష్ట్రంలోని ఆస్వెగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన డగ్ లీ, అనేకమంది పనివాళ్ళు ఒకేసారి వాడుకొనదగిన సేకరణలను అంతకు చాలాముందునుంచే వ్రాస్తూ వచ్చాడు. అవి ఈ కూర్పులో జావాలో భాగమయ్యాయి. వాటిలో ఒకదాని పద్ధతి, మార్పు జరిగిన ప్రతిసారీ జాబితాకు కొత్త నకలు తీయడం. నడిచేవాడు పాత నకలుపై తన నడక ముగించుకొంటాడు. కొట్టివేతలు కొత్త నకలులో జరుగుతాయి. ఒకరి కాలు ఒకరికి తగలదు. జాబితా పెద్దదై మార్పులు ఎక్కువైతే నకళ్ళు తీయడంతోనే పొద్దుపోతుంది గనుక, చదివేవారు ఎక్కువ, దిద్దేవారు తక్కువ ఉన్నచోటనే ఇది తగినది. మరొక రకం సేకరణలో ఇటరేటరు ఫిర్యాదు చేయదు. తాను నడుస్తుండగా జరిగిన మార్పు దాని కంటబడవచ్చు, పడకపోవచ్చు. అమీర్‌పేట నోటుపుస్తకాలు ఈ రెంటినీ కలిపి 'ఫెయిల్-సేఫ్' అని వ్రాస్తాయి. జావా పత్రాలలో రెండవ రకానికి వాడిన మాట వేరు. బలహీనమైన పొంతన అని దాని భావం. ఈ మాటే నిజాయితీగా ఉన్నది. సేఫ్ అనగానే కుర్రవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు.

పదేళ్ళు గడిచాయి. 2010లో సన్ సంస్థను, హైదరాబాదులో పెద్ద కార్యాలయమున్న ఒరాకిల్ సంస్థ కొన్నది. 2014 మార్చి 18న జావా 8 వచ్చింది. అది మన దగ్గర రాష్ట్ర విభజన ఏర్పాట్లు జరుగుతున్న కాలం. ఉద్యోగుల జాబితాలు రెండుగా విడదీసే పని ముందున్న రోజులు. ఈ కూర్పులో సేకరణలకు రిమూవ్ఇఫ్ అనే పని నేర్పారు. ఇక నడక మనది కాదు. 'ఇటువంటివి తీసివేయి' అని షరతు చెబితే చాలు, నడిచేదీ తీసేదీ జాబితాయే.

దీనిలో సౌకర్యంతోబాటు వేగం కూడ ఉన్నది. లక్ష పేర్లున్న అర్రేలిస్ట్‌లో ఒకటి విడిచి ఒకటిగా 50,000 పేర్లు తీయాలనుకొందాం. ఇటరేటరుతో తీస్తే ఫలితం సరిగానే వస్తుంది. కాని ప్రతి తీసివేతకు వెనుకవన్నీ ఒక గడి జరగాలి. మొదటిదానికి దాదాపు లక్ష, చివరిదానికి ఇంచుమించు సున్న, సగటున 50,000 జరుగుబాట్లు. 50,000 తీసివేతలకు మొత్తం 250 కోట్లు. రిమూవ్ఇఫ్ అలా చేయదు. మొదటి నడకలో ఎవరినీ కదల్చకుండా, పోవలసినవారికి గుర్తులు మాత్రం పెట్టుకొంటుంది. రెండవ నడకలో ఉండవలసినవారిని ఒక్కొక్కరినే నేరుగా వారి కొత్త గడికి చేరుస్తుంది. ఒక్కొక్కరు ఒక్కసారే కదులుతారు కాబట్టి జరుగుబాట్లు 50,000కు మించవు.

ఇది చదివి ఉపాధ్యాయులకు నవ్వు రావచ్చు. హాజరుపట్టీలో మనం చేస్తున్నది ఇదే గదా! బడి మానిన పిల్లవాని పేరును రబ్బరుతో చెరిపి క్రింది పేర్లన్నీ పైకి జరిపి వ్రాయము. ఎర్రసిరాతో ఒక గీత గీస్తాము. వరుస సంఖ్యలు చెక్కుచెదరవు. కొత్త పట్టీ వ్రాసేటప్పుడు గీత ఉన్నవారిని విడిచి మిగిలినవారిని వరుసగా ఎక్కిస్తాము.

నా బకాయిల ప్రోగ్రామును ఆ రాత్రి రిమూవ్ఇఫ్‌తో ఒక్క పంక్తిగా తిరిగి వ్రాశాను. తరగతిలో మాత్రం దానికంటె పాత ఉపాయం ఒకటి ముందు చూపిస్తాను. సుద్దగడుల వద్దకు మళ్ళీ పిల్లలను పిలిచి, ఈసారి పరీక్షకుణ్ణి ఐదవ గడినుండి మొదటి గడివైపు నడవమంటాను. 8 వెళ్ళింది, దాని వెనుక జరగవలసినవారెవరూ లేరు. 6 వెళ్ళింది. 5 నిలిచింది. 4 వెళ్ళింది, 5 ఒక గడి జరిగింది గాని దానిని పరీక్షించడం ఇదివరకే అయిపోయింది. 2 వెళ్ళింది. 5 ఒక్కటే మొదటి గడిలో నిలిచింది. ఎందుకిలా సరిపోయిందని అడిగి, జవాబు వచ్చేవరకు ఎవరినీ కూర్చోనివ్వను.